తరుగు

మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చిన మర్నాడు
మస్తాన్‌రావు కాటాని ఇంటికి మోసుకొచ్చాడు.
హాల్లో ఫ్యాను కింద పెట్టి
"ఒక్కొక్కటే ఎక్కించండి" అన్నాడు,
ఎదురుగా రైతులు వరస కట్టినట్టు.

వెళ్ళేది ఎంత దూరమని!
మాచర్ల దాటాక, ఎత్తిపోతల దగ్గర
ఆయన స్నేహితుడి బత్తాయి తోటలో రెండు రాత్రులు.
బండి మా మరిది ఆల్టో.
వెనక టైర్లు అరిగిపోయాయి. అందుకని కాటా.

ముందు గుడారం.
పట్నం బజార్లో ఒకటి చూశాం, నీలం రంగుది.
విప్పితే గొడుగులా తెరుచుకుంది,
ధర చెప్పగానే నా చేతుల్లో తనే ముడుచుకుంది.
"మన దగ్గర పట్టా లేదా?" అన్నాడాయన.
ఉంది.
నాలుగేళ్ళు మిరపకుప్పల్ని వాన నుంచి కాచిన పట్టా.
మూడుసార్లు ఉతికి డాబా మీద ఆరేస్తే
పక్కింటి పిల్లి తుమ్మింది.
పట్టా, తాడు, నాలుగు వెదురు గెడలు.
పదకొండు కేజీలు.

అత్తమ్మ తన సంచి ఎత్తలేక ఈడ్చుకొచ్చింది.
గోంగూర జాడీ, కందిపొడి, అటుకులు,
పాతగుడ్డలో చుట్టిన చిన్న రోలు.
"రోలెందుకత్తమ్మా?"
"అక్కడ రాళ్ళుంటాయి గానీ రోళ్ళుంటాయా!"
ఉప్పెన వచ్చిన ఏడు
బాపట్ల బడిలో, ఇంత పిల్ల,
మూడ్రోజులు ఖాళీ కంచం కడుక్కుంటూ కూచుందట.
నేనింకేం అడగలేదు.

చెర్రీగాడు మూడు టార్చిలైట్లు పెట్టాడు.
అందులో ఒకటి వెలగదు.
"అది కూడా ఉండనీమ్మా" అన్నాడు.

జోషిత తన బ్యాగుని కాటా ఎక్కనివ్వలేదు,
ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
నాకర్థమైంది. "రెండు కేజీలని రాసుకో" అన్నాను ఆయనతో.
ఎప్పుడూ గ్రాము కూడా అంచనా వేయని మనిషి
నోరెత్తకుండా రాసుకున్నాడు.

ఇక నాది.
క్రేప్ బ్యాండేజీలు ఆరు, ఓఆర్ఎస్ పొట్లాలు ఇరవై,
కత్తెర, టించరు, విరిగిన ఎముకకి కట్టేందుకు రెండు చెక్కలు.
"తోటకి పోతున్నామా, యుద్ధానికా?" అన్నాడు.
మాచర్ల నుంచి మా పెద్దాసుపత్రికి
నూట ఎనిమిది బండిలో మూడు గంటలు.
పాము కరిచిన వేలు
ఆ మూడు గంటల్లో ఏ రంగులు మారుతుందో
ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నీళ్ళ క్యాన్లు రెండు: నలభై.
పొయ్యి, బియ్యం, దుప్పట్లు, బట్టలు.
మొత్తం తొంభై ఏడు.
పైన మేం అయిదుగురం.

"తరుగు తియ్యాలి" అన్నాడు.

తేమ ఉందని, తాలు ఉందని,
ఏమీ లేకపోయినా ఉందని
బస్తాకింత కోసి రాసే మాట అది.
ఇరవయ్యేళ్ళుగా ఎవరో చెబితే ఆయన రాస్తున్నాడు.
మా హాల్లో వినడం ఇదే మొదలు.

రోలు వైపు చూశాడు. అత్తమ్మ ఆయన వైపు చూసింది.
వెలగని టార్చి చేతిలోకి తీసుకుని
మీట రెండుసార్లు నొక్కి
మళ్ళీ అక్కడే పెట్టేశాడు.
చివరికి లేచి
తన మడతకుర్చీని గోడకి ఆనించాడు.
మూడున్నర.
అంత సామానులో ఆయనది అదొక్కటే.

ఊరుకోలేక నేనూ
రెండు బ్యాండేజీలు తీసి పక్కన పెట్టాను.
కాటా మీద అంకె కదల్లేదు.
అయినా రాసుకున్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి
మూతపడని డిక్కీని తాడేసి కట్టి
చుట్టుగుంట సెంటరు దాటామో లేదో
జోషిత తుమ్మింది.
"ఆగరా, ఒంటి తుమ్ము!" అంది అత్తమ్మ.
బండి ఆగింది.
చెర్రీగాడు తుమ్మాడు. నేను తుమ్మాను.
స్టీరింగు మీద వాలిపోయి మస్తాన్‌రావు నాలుగుసార్లు.
వెనక డిక్కీలో పట్టా, నిమ్మళంగా.

అద్దాలు దించాం.
అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని
వేళ్ళ మీద లెక్కేసింది, మధ్యలో వదిలేసింది.
"ఇన్నిటికి శకునం చెప్పలేదురా ఎవరూ.
పోనియ్."