నలభై బారలు

రేపు లెక్కల పరీక్ష.
పెదజాలారిపేటలో కరెంటు పోయింది.
చార్జింగ్ లైటు కింద
మా దేవిక, నేను, ఇంకా చదవని మూడు పాఠాలు.

"ఏడు లక్షల నాలుగు వేల ముప్పై, రాయి" అన్నాను.
డెబ్బై నాలుగు వేల ముప్పై రాసింది.
మధ్యలో సున్నాని మింగేసింది.
"ఏమీ లేనిదాన్ని ఎందుకమ్మా రాయడం?"

ఐదుతో బడి ఆపేసినదాన్ని,
పుస్తకంలో దీనికి ఏం చెప్పారో నాకు తెలీదు.
కుళాయి దగ్గర మాత్రం తెలుసు.
తెల్లారకముందే లైన్లో ఖాళీ బిందె పెట్టి వస్తాం కదా,
చుక్క నీళ్లుండవు దాంట్లో,
అయినా ఆ చోటు మనది.
మొన్నెవరో దాన్ని పక్కకి తన్నేస్తే ఎంత గొడవైందో చూశావుగా.
ఇప్పుడు నీ ఏడు చూడు,
లక్షల్లో నిలబడాల్సింది
పదివేలల్లోకి జారిపడింది.

సున్నా పెట్టింది.
ఊరుకోకుండా దానికి మూతి కూడా గీసింది, బిందెలాగా.

"అయితే పెద్ద అంకె ఉంటే పెద్ద వస్తువే కదా?"
కాదే తల్లీ.
రొయ్యల కంపెనీలో ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై,
ఒక్కోటి అరచేతి నిండా వస్తుంది.
వంద కౌంటంటే చిటికెన వేలంత.
అంకె పెరిగేకొద్దీ రొయ్య తగ్గుతుంది,
రేటు తగ్గుతుంది,
నేను తియ్యాల్సిన తలకాయలే పెరుగుతాయి.

తర్వాత వైశాల్యం.
వల పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు ఆరు.
నూట ఇరవై చదరపు మీటర్లని వేళ్లమీద లెక్కేసి చెప్పింది.
మంచమ్మీంచి మా మామ ఎల్లాజీ:
"కన్నాలు కూడా కలిపేసినావేటే?"
"కలిపే, తాతా."
"అద్గదీ. వలంటే కన్నాలే గదా, తాడెంతుంటాది."

తెప్ప దిగి నాలుగేళ్లయింది ఆయన.
"యారాడ కొండ కనబడకుండా పోయినకాడ
గుండు కట్టి తాడొదిలితే నలభై బారలు తెగింది" అంటాడు,
ఎవరూ అడక్కపోయినా.
"బారంటే ఎన్ని మీటర్లు తాతా?"
ఆయన లేచి కూర్చుని రెండు చేతులూ చాపాడు.
కుడిచెయ్యి కొంచెం వణికింది.
దర్జీ టేపు ఒక కొస నేను పట్టుకున్నా, ఒక కొస తను.
నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు.
నలభై పెట్టి గుణించింది, వందతో భాగించింది,
అరవై ఏడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు.
పుస్తకంలో లేని లెక్క, పుస్తకం కంటే జాగ్రత్తగా చేసింది.

తర్వాత తనూ చేతులు చాపింది.
నూట నలభై.
అదే నీళ్లని తన చేతులతో కొలుచుకుంది.
"నలభై ఎనిమిది వచ్చింది తాతా! తప్పు చేశానా?"
"తప్పేటి లేదు గుంటా.
నీ చేతులు సిన్నవి గదా,
నీకు సముద్రం ఇంకా లోతు."
అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కరెంటు పదకొండుకి వచ్చింది. ఎవరూ లేవలేదు.

తెల్లారుజామున నాలుగింటికి కంపెనీ బస్సు.
టిఫిన్ డబ్బా సర్దుకుంటూ
నోటుబుక్కు మూయబోతే చివరి పేజీలో

తాత బార = 168 సెం.మీ.
నా బార = 140 సెం.మీ.
అమ్మ బార =

ఆ తర్వాత ఏమీ లేదు. సున్నా కూడా పెట్టలేదు.

టేపు కిటికీ మీదే ఉంది.
గోడకి వీపు ఆనించి చేతులు చాపాను.
మంచు నీళ్లలో నానిన వేళ్లు
ఇటు బీరువా దాకా, అటు తలుపు దాకా.
ఇంత ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు.

కానీ టేపు రెండో కొస పట్టుకోవడానికి
ఇంకో మనిషి కావాలి.
లేపనా, పరీక్ష కదా, పడుకోనివ్వనా
అనుకుంటుండగానే
వీధి చివర బస్సు హారన్ కొట్టింది.