పదకొండు నెలల కాగితం

ఖాళీ లేదమ్మా, అన్నాను.
అంటూనే ఉన్నాను, నెత్తిమీద
ఖాళీ గది తలుపు
సముద్రపు గాలికి టప్పుమని కొట్టుకుంది.
ఇద్దరం పైకి చూశాం.
గాలికి బుద్ధి లేదు,
పెదవాల్తేరు గాలికి మరీను.

ఆ పిల్ల నవ్వలేదు, నిలదీయలేదు.
మెట్టు మీద కూచుని బూటు విప్పింది.
మడమ దగ్గర తోలు లేచి పచ్చిగా ఉంది.
ఎమ్వీపీ కాలనీ సెక్టార్లన్నీ తిరిగిందట.
ఒక చోట శాకాహారులకేనట,
ఒక చోట ఫ్యామిలీకేనట,
ఇంకో చోట నిన్ననే ఇచ్చేశామన్నారట,
టులెట్ బోర్డు వాళ్ల భుజం వెనకే ఊగుతుంటే.

మంచినీళ్లిచ్చాను.
నీళ్లదేముంది, ఎవరికైనా ఇస్తాం.
కానీ ముప్పయ్యేళ్లు పోర్టు ఆసుపత్రిలో
పుళ్లు కడిగిన చేతులివి,
ఆ మడమకి దూది పెట్టకుండా ఊరుకోలేదు.
మందు రాశాక ఇంక
గది చూపించకుండా ఎలా?

రేపు ఒంటిగంటకి రా, తాళం ఇస్తానన్నాను.
ఏడింటికి వచ్చి గేటు కొట్టింది
రెండు పెట్టెలు, ఒక దుప్పటి మూటతో.
నోట్లో బ్రష్షుతో వెళ్లి తీశాను.
ఒంటిగంట, అని గడియారం చూపించింది.
దాని ముళ్లు నిజంగా ఒకటి దగ్గరే ఉన్నాయి.
ఇథియోపియాలో తెల్లారాకే లెక్క మొదలట.
ఆలోచిస్తే అదే సబబు.
అర్ధరాత్రి పన్నెండుతో పనేటి ఎవరికైనా,
నైట్ డ్యూటీ నర్సులకి తప్ప.

జగదాంబ దగ్గర గవర్రాజు
వంద రూపాయల స్టాంపు కాగితం మిషన్లోకి ఎక్కించి
పేరడిగాడు. సెలామావిట్.
ఇంటిపేరు?
లేదంది. వాళ్లలో ఉండదట, తండ్రి పేరే తోక.
ఇల్లే లేకపోతే ఇంటిపేరెక్కడిదిలే అని
వాడు తన జోకుకి తనే నవ్వుకున్నాడు.
నాకు నవ్వు రాలేదు.
పెళ్లినాడు నాకొకటి ఇచ్చారు,
దాంతో పాటు ఇల్లేమీ రాలేదు.
పదిహేడు అద్దె కొంపలు తిప్పాను దాన్ని,
గ్యాసుబండతో పాటు.

గోడకి మేకులు కొట్టరాదు.
డాబా మీద నీళ్లు పోయరాదు, శ్లాబు కారును.
మోటారు పొద్దున ఆరింటికి
(నీ లెక్కలో పన్నెండు, అని చెవిలో చెప్పాను).
గడువు పదకొండు నెలలు.

పదకొండేం, అనడిగింది సెలమ్మ.
పన్నెండు రాస్తే రిజిస్ట్రేషను, ఖర్చు, అన్నాడు గవర్రాజు.
మా యేడాదికి పదమూడు, అంది.
పదమూడోది బుల్లి నెల, ఐదు రోజులే.
దానికి అద్దె ఎంత?
గవర్రాజు వేళ్లు గాల్లో ఆగిపోయాయి.
నలభయ్యేళ్లలో వాడి మిషను
ఆ మాట ఎప్పుడూ కొట్టలేదు.
అదప్పుడు చూసుకుందాంలే అని
నేనే సంతకం పెట్టేశాను.

ఎదురింటి వరహాలమ్మ వారం రోజులు
నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు
పైనుంచి ఆ మాడు వాసనేటని అడిగింది.
అరకు గింజలు పెనం మీద వేయిస్తోందన్నాను.
కాఫీకే అంతసేపా, అంది.
అంతసేపే, అన్నాను.

సెప్టెంబరు. తెల్లారగట్ల వాన.
డాబా మీద అడుగుల చప్పుడు.
శ్లాబే, అని అరవబోతూ మెట్లెక్కాను.
సెలమ్మ వానలో నిలబడి ఉంది,
జడలు విప్పుకుని, మొహం పైకెత్తి,
కళ్లు మూసుకుని.
బుల్లి నెల వచ్చిందట.
ఈ వాన ఒంటికి మంచిదట, తడవాలట.
వాళ్లమ్మ కూడా అక్కడ తడుస్తూ ఉంటుందట.
నన్ను రమ్మంది.
మోకాళ్లు, అన్నాను.
గడప ఇవతల నిలబడి చెయ్యొకటి బయటికి చాపాను.

కిందకొచ్చి క్యాలెండరు చూశాను.
మంగళవారం, రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర,
పాలవాడికి నూట అరవై.
బుల్లి నెల ఎక్కడా లేదు.
వంటింటి మూల చుక్క పడింది, ఇంకోటి పడింది.
గిన్నె పెట్టాను.

అద్దె పుస్తకంలో ఆ ఐదు రోజులూ
ఎలా రాయాలో తెలీక
గీత కొట్టి వదిలేశాను.
కరెంటు మాత్రం
మీటరు చూసే తీసుకున్నాను.