నాలుగంగుళాలు

టిబ్బెట్,
నిన్న క్లీవ్‌లాండ్‌లో ఏడో ఇన్నింగ్స్ నడుస్తుంటే
నువ్వు జ్ఞాపకమొచ్చావు.
సరస్సు మీంచి గాలి ఎముకలు కొరుకుతోంది.
అవుట్‌ఫీల్డ్ గడ్డిలో తెల్లపక్షులు
తామూ ఆటగాళ్ళమే అన్నట్టు తిరుగుతున్నాయి.
ఫస్ట్ బేస్ పక్కన, ముప్పై ఒక్కేళ్ళుగా
అరగదీసిన చోటే, నేను.

మా పనేమిటో చాలామందికి తెలీదు.
పరుగెత్తేవాణ్ణి చూడం. బంతినీ చూడం.
నేల మీది ఆ తెల్లదిండు మీదే చూపు.
కాలు పడడాన్ని కన్ను పట్టుకోవాలి,
బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు చెవి పట్టుకోవాలి.
ఏది ముందు?
నిజానికీ అబద్ధానికీ నాలుగంగుళాలే ఎడమంటారు చూడు,
కంటికీ చెవికీ మధ్యనున్న ఆ జాగాలోనే
నిలబడి నా తిండి సంపాదించుకున్నాను.

నీ రోజున సెప్టెంబరు తుంపర.
ఎవరికీ అక్కరలేని ఆట. జనం సగం ఇళ్ళకు పోయారు.
షార్ట్‌స్టాప్ వైపు నేలబారుగా కొట్టి
పరుగెత్తావు,
బాకీ వసూలుకు వెళ్ళేవాడిలా.
టప్‌మని వినబడింది.
పిడికిలి లేపాను. ఔట్.

రాత్రి మోటెల్ టీవీలో చూశాను:
నీ కాలు దిండు మీదుంది,
బంతి ఇంకా గాల్లోనే ఉంది.
నా వెనక ఎవడో లేచి వెళ్తే
మడతకుర్చీ మూసుకున్న చప్పుడది.

నువ్వు ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.
మర్నాడు నిన్ను కింది లీగుకు పంపారు. తర్వాత మోకాలు.
లెక్కల పుస్తకంలో నీ పేరుకు ఒకటే వరుస:
బ్యాట్ పట్టింది ఒకసారి. హిట్లు సున్నా.
ఆ సున్నా నా చేతిరాత.

ఆ స్టేడియం కూల్చేటప్పుడు కుర్చీలు వేలం వేశారు.
ఒకటి కొన్నాను. గరాజ్‌లో ఉంది.
అప్పుడప్పుడు కిందికి నొక్కి, వదిలి, వింటాను.
గ్లవ్ చప్పుడులా ఉండదు.
ఏ కోశానా ఉండదు.

అందుకే రీప్లే వచ్చినప్పుడు మావాళ్ళంతా సణుక్కుంటే
నేను నోరెత్తలేదు.
కానీ టిబ్బెట్, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.
మొన్న జూన్‌లో ఒకడు సెకండ్ బేస్‌లోకి జారాడు,
బంతి కంటే గజం ముందే చేరాడు.
లేచేటప్పుడు కాలు దిండు మీంచి
గోరుమందం లేచిందట,
గ్లవ్ ఇంకా వాడి భుజం మీదే ఉందట.
న్యూయార్క్‌లో ఏదో గదిలో బొమ్మ ఆపి చూసి ఔటన్నారు.
అబద్ధం కాదు.
అయినా నూరేళ్ళలో ఏ తల్లి కన్న అంపైరూ
దాన్ని ఔటనలేదు.

ఇంకోటి. వెనకటి మేనేజర్లు
మొహాన ఉమ్ము తుంపర్లు పడేలా అరిచేవారు,
నా బూట్ల మీదికి మట్టి తన్నేవారు.
ఇప్పుడు మర్యాదగా చెవి చూపిస్తారు.
నేనూ మర్యాదగా హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాను.
తిట్లు తిన్న రోజుల్లో
నేనూ మనిషినేనని ఒకరికైనా గుర్తుండేది.

నిన్నటి కుర్రాడు యాడియెల్ మొంతాస్. మొదటి ఆట.
నేలబారు బంతి. షార్ట్‌స్టాప్ వైపే.
విన్నాను. లేపాను. ఔట్.

రెండు నిమిషాల యాభై సెకన్లు.
ఇరవై వేలమంది అరుపు
రాబోయిన తుమ్ములా ముక్కుల్లోనే ఆగింది.
మూడో వరుసలో ముసలామె స్కోరు పుస్తకం మీద
పెన్సిలు మొన ఆనించి, రాయకుండా, నావైపే చూసింది.
కుర్రాడు నవ్వాలో మానాలో తెలీక
హెల్మెట్ తీస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు.
నా చెవిలో ఎవరిదో నిద్రమత్తు గొంతు:
సేఫ్.

మైకులో చెప్పాను, తప్పు నాదేనని, అందరి ముందూ.
అరుపు వచ్చింది, చల్లారిన కాఫీలా.
మొదటి హిట్ కదా, దాచుకుంటాడని
ఆ బంతిని చేతులు మార్చి నా దాకా తెచ్చారు,
డగౌట్‌కి విసరమని.

కుట్ల మీద వేళ్ళు ఆడించాను.
ఇవ్వాల్సిన వేళ దాటాక కూడా
కాసేపు పట్టుకునే ఉన్నానేమో,
కుర్రాడు
నావైపు అనుమానంగా చూశాడు.