పన్నెండు గుంజలు

మెయిరియన్ లాయానికి గేటు లేదు.
గేటు అనుకోమని ఒక పాత ఇనపమంచం చట్రం,
దానికో నారింజరంగు ప్లాస్టిక్ తాడు.
ఆ ముడి నేర్చుకోడానికి నాకు వారం పట్టింది.
నువ్వు రెండోరోజే విప్పావు,
లేదా విప్పావనుకున్నాను.

నీకింకా రెండేళ్ళు నిండలేదు.
చింతపిక్క రంగు. నుదుటిమీద
ఎవరో వేలితో సున్నం రాస్తూ
సగంలో పిలుపొస్తే లేచిపోయినట్టు ఒక మచ్చ.
పెంట్రె సంతలో నిన్ను కొన్న డబ్బు
కారు టైర్లకని దాచింది.
ఆ టైర్లు ఇప్పుడు నా అరచేతుల్లా నున్నగా ఉన్నాయి.

ఈ వేల్స్ కొండల్లో వాన కురవదు, కాపురముంటుంది.
అక్టోబరు నించి ఏప్రిల్ దాకా మోకాటి బురద.
లాయం రేకొకటి గాలికి లేచి పక్కపొలంలో పడితే
దాని కింద గొర్రెలు సంసారం పెట్టాయి.
"రేపు ఎక్కించేస్తాలే" అంటాడు మెయిరియన్.
ఆయన రేపులన్నీ పోగేస్తే
కొత్త లాయమే కట్టొచ్చు.

మార్చిలో ముళ్ళతీగ నీ వెనకకాలు కోసింది.
పశువుల డాక్టరు షోనెడ్ కుట్లు వేసి,
"ఈసారి చర్మం. వచ్చేసారి నరం" అంది.
బిల్లు రాస్తూ, నా మొహం చూడకుండా,
"గ్విన్ఫాలో ఒక గది ఖాళీ ఉంది" అంది.

వెళ్ళి చూశాను.
ఇసక మైదానం, రబ్బరు పరిచిన గదులు, మూలమూలా కెమెరా.
గుర్రానికో ముక్క పచ్చిక, చుట్టూ తెల్లటి కరెంటు టేపు.
ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, తాకడానికి లేదు.
అంతా కడిగిన ముత్యంలా ఉంది.
నేను రాత్రి డ్యూటీ చేసే వృద్ధాశ్రమం కూడా
అలాగే ఉంటుంది.
అద్దె నా జీతంలో సగం.

ఇక్కడ నీకు మోడ్లెన్ ఉంది,
పళ్ళరిగిన పెద్దముత్తయిదువ.
నువ్వు హద్దు మీరితే చెవులు వెనక్కి మడిచి ఒక్క చూపు.
నేను నెలల తరబడి చెప్పినా తలకెక్కనిది
ఆ చూపుతో ఎక్కుతుంది.

ఫిబ్రవరిలో నీకు కడుపునొప్పి వచ్చిన రాత్రి
పైజామామీద గోనెసంచి కప్పుకుని
ఒంటిగంట నించి తెల్లారేదాకా నిన్ను నడిపించాడాయన.
అయిదింటికి ఫోను:
"డాక్టరొచ్చి సూదిమందిచ్చి పోయింది.
డ్యూటీలో ఉంటావని నిన్ను పిలవలేదు.
ఇప్పుడే పేడ వేసింది. రా, టీ ఉంది."
నెలకి ముప్పై పౌండ్లు,
అదీ గుర్తొస్తే అడుగుతాడు.

గుర్తొస్తే.
నిన్న నన్ను నెస్టా అన్నాడు.
నెస్టా ఆయన చెల్లెలు, పోయి పదకొండేళ్ళు.
కెటిల్లో నీళ్ళు లేకుండా స్టవ్ వెలిగించాడు.
నా ఉద్యోగమే ఇది, నేను గుర్తుపట్టాలి.
జీతమిచ్చే చోట గుర్తుపట్టే కళ్ళు
ఇక్కడికొచ్చేసరికి పనిచెయ్యలేదు.

మంగళవారం తెల్లారుజామున నువ్వు రోడ్డుమీదున్నావు.
పాలలారీ వాడు బ్రేకు వేసి,
దిగి, వణుకుతూ, నీ జూలు పట్టుకు నిలబడ్డాడట.
గేటు దగ్గర తాడు చూశాను.
నువ్వు విప్పితే నమిలినట్టుంటుంది, తడిగా, పీచులు లేచి.
ఇది పొడిగా, పొందికగా, చుట్ట చుట్టి
చట్రానికి తగిలించి ఉంది.

ఇన్నాళ్ళూ నిన్ను తిట్టాను.

గ్విన్ఫాకి ఫోను చేసి
సోమవారందాకా గది ఉంచమన్నాను.
ఫోను జేబులో పెట్టి, దారిలోనే ఆగి,
పన్నెండు గుంజలు కొన్నాను.
ఒక గొలుసూ, తాళం కూడా.
తాళంచెవి ఎవరిదగ్గర ఉండాలో తేల్చుకోలేదు.

ఇవాళ శనివారం. వాన దాని కాపురంలో అది ఉంది.
ఆయన గుంజ పట్టుకున్నాడు, నేను సమ్మెట ఎత్తాను.
"ఎవరిదీ పిల్ల? కాళ్ళు మంచివి" అన్నాడు నిన్ను చూసి.
"నిటారుగా పట్టుకో మెయిరియన్" అన్నాను.
పట్టుకున్నాడు.
మట్టిలో గుంజ ఎంత లోతు దిగాలో
ఆ చేతులకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు.

ఏడు దిగాయి, అయిదు మిగిలాయి.
నువ్వొచ్చి ఆరోదాన్ని పళ్ళతో పట్టి
లాగి చూస్తున్నావు.
ఇంకోసారి లాగు.