సినిమాలో లేని మనిషి

ముందు చూసింది సినిమానే, దాచేదేముంది.
కందుకూరులో, సెకండ్ షో,
ఫ్యాను కింద బెంచీ మీదికి దస్తగిరి
కర్చీఫ్ విసిరి పట్టిన రెండు సీట్లలో.
డబ్బింగ్ బొమ్మ. లోకం అయిపోయింది.
మిగిలినోళ్ళు నలుగురు, తుపాకులు నలభై.
తలుపవతల గోళ్ళతో గీకేవాటికి
ఒక్కోదానికి ఆరేసి కళ్ళు.
"మానవజాతి బాకీ తీరుస్తా" అన్నాడు హీరో,
నేల టిక్కెట్టంతా ఈల.
ఇంటికొచ్చి చద్దన్నం తిని
హాయిగా నిద్రపోయాను.

పుస్తకం పదిహేనేళ్ళకి దొరికింది,
పామూరు రోడ్డులో పాత ఇనప సామాన్ల కొట్లో,
తూకానికి పోసిన ఎకనామిక్స్ గైడ్ల కింద.
అట్ట లేదు. రాసినాయన పేరు చెదలు తినేశాయి.
తెలుగు చేసినావిడ మాత్రం సగం మిగిలింది:
"...కాంతం, బి.ఏ."
నిలబడి తిరగేస్తుంటే ఆరో పేజీలో
తలుపు. గోళ్ళు.
ఓరి, ఇది ఆ బొమ్మే కదా!
కొట్టాయన తక్కెట్లో పడేసి
"పావుకిలో కూడా లేదు,
మూడు రూపాయలియ్యబ్బయా" అన్నాడు.

ఆరు కళ్ళ కోసం వెతికాను.
లేవు.
"వచ్చింది" అని రాసుంది, ఏమొచ్చిందో రాయలేదు.
ఒకచోట తడి గోనెసంచి వాసన అంది కాంతమ్మ,
అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.
లోకం కూడా పెద్ద శబ్దం చేసుకుని పోలేదు.
అది నాకు నమ్మబుద్ధయింది:
ప్రకాశంలో పడుకుని నెల్లూరులో లేచిన ఊరు మాది,
ఆ పొద్దున పాలవాడు కూడా ఆలస్యం కాలేదు.

ఇంకా, సినిమాలో లేని మనిషొకడు ఉన్నాడు.
నీళ్ళు వదిలే మనిషి.
ఆ పేరు నాకు నోరు తిరగలేదు,
మాలకొండయ్య అని చదువుకున్నాను.
మా వీధికి నాలుగు రోజులకోసారి
సైకిలు మీద ఇనప కర్ర పెట్టుకుని వచ్చి
వాల్వు తిప్పేది ఆయనే.
పుస్తకంలో ఊరంతా ఖాళీ, అయినా ఆ మనిషి
రోజూ తెల్లారే వాల్వు తిప్పుతాడు.
తెరిచి వదిలేసిన కుళాయిలన్నీ పారతాయి,
ఎవరివో బిందెలు నిండి పొర్లుతాయి,
అతను మెట్టు మీద కూర్చుని వింటాడు.
పదకొండు పేజీలు ఇదే.
సినిమావాళ్ళు ఎందుకు కోశారో అర్థమయింది.

రెండొందల పన్నెండో పేజీలో
మామూలుగానే తిప్పి, కూర్చుని, వింటున్నాడు.
మూడో వీధిలో
ఎవరో కుళాయి కట్టేశారు.

అధ్యాయం అక్కడికి సరి.

దోమతెరలోంచి లేచి పెరట్లోకి పోయాను.
ఆ రోజు నీళ్ళ వంతు కాదు.
మా కుళాయి కట్టే ఉంది.
నేనే కట్టుంటాను, ఇంకెవరు కడతారు,
అని పైకే అన్నాను, ఎవరికో చెప్తున్నట్టు.

దస్తగిరికి ఫోన్ చేశాను. కృష్ణపట్నం పోర్టు దగ్గర
లారీ లైన్లో ఉన్నాడు.
"నీళ్ళాయనా? ఆ బొమ్మలో అట్టాంటోడు లేడు గదరా,
బాంబులు పేలతయ్యే, అదేగా" అన్నాడు.
అదేలే అన్నాను.

నాలుగో రోజు చీకటితోనే సైకిలు చప్పుడు.
ఖాళీ గొట్టంలో గాలి మూలిగి, దగ్గి,
తర్వాత నీళ్ళు.
వీధి పొడుగునా బిందెలు, మస్తానమ్మ తిట్లు.
మాలకొండయ్య పోలేదు.
కల్వర్టు గోడ మీద చతికిలబడి
తల ఒక పక్కకి వాల్చాడు.
ఏందన్నా, అన్నాను.
"ఏ సందుకి ఎక్కిందో చెవికి తెలుస్తాదబ్బయా.
రెండు నిమిషాలు ఇనాల."
నేనూ పక్కన కూర్చున్నాను.
పుస్తకం సంగతి గొంతుదాకా వచ్చింది, చెప్పలేదు.
"అన్నీ పారతన్నయ్యిలే,
ఎవురూ కట్టలా" అన్నాడు లేస్తూ.

ఇంకా నలభై పేజీలున్నాయి.
పగలే చదువుతున్నాను.