మూడో చెరువు నీళ్ళు

సీసలి దాటాక స్టీరింగు ఎడమకి గుంజింది.
దిగి చూస్తే ముందు చక్రం
రోడ్డుకి అతుక్కుని పరుచుకుపోయి ఉంది.

మిట్టమధ్యాహ్నం, వైశాఖం.
కాలవలు కట్టేసి ఇరవై రోజులు.
గట్టు మీది కొబ్బరి నీడ
తన మొదలు దాటి రావడం లేదు.

స్టెప్నీలో గాలి ఉందా అని ఎవరడిగినా
ఉందనే చెబుతాను.
ఇవాళ నొక్కి చూశాను:
మగ్గిన సీతాఫలం.

డిక్కీలో ఒక డబ్బా, రెండేళ్ళ కిందట
మూడొందల నలభై పెట్టి కొన్నది.
అడ్డపిడి ఉన్న గుండ్రటి ఆకురాయి, ఒక రాకాసి సూది,
తాటి తాండ్రలా జిగురు కారే అయిదు తాళ్ళు.
కుంజుమోన్ దగ్గర పంక్చరు నూట యాభై.
మూడోసారి నుంచి లాభమేనని
అప్పట్లో నోటిలెక్క కట్టాను.
ఇది మొదటిసారి.

చిల్లు కనబడాలంటే నీళ్ళు కావాలి.
ఇటు చెరువు, అటు చెరువు, కనుచూపు మేరా నీళ్ళే.
మధ్యలో కంచె, వల, గొలుసు లేని కుక్క.
కాలవలో నెర్రెలిచ్చిన మన్ను, ఒంటి రబ్బరు చెప్పు.
ఉమ్మి రాశాను,
బుడగ కాకముందే ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చాయి వెనక సీట్లో సీసాలు.

నా ఉద్యోగమే నీళ్ళు.
చెరువు చెరువుకీ తిరిగి లీటరు లీటరు పట్టి
ఉప్పెంత, అమ్మోనియా ఎంత,
రొయ్య తెల్లారేదాకా ఉంటుందా అని చెప్పడం.
పన్నెండు సీసాలు, పన్నెండు చీటీలు.
ఎవరివి పోస్తే ఎవరు తిట్టరా అని
ఒక్కొక్కటే చదివాను.
సుబ్బతాతరాజు గారు, చెరువు మూడు.
పొద్దున నాకు మజ్జిగ ఇచ్చారు.
మంచివాళ్ళవే ముందు ఒలుకుతాయి.

ఆకుపచ్చ నీళ్ళు నల్ల రబ్బరు మీద జారి జారి
ఒకచోట ఆగి
కళ్ళు తెరిచాయి, సన్నగా, వరసగా.

స్క్రూ. తల అరిగి వెండిలా ఉంది.
ఏరేటర్ రెక్కకి బిగించేది.
పట్టకారుతో లాగితే బుస్సుమంది.
ఆకురాయి తిప్పాను, తాడు ఎక్కించాను,
ఒంటి బరువంతా పిడి మీద వేశాను.
బైకు మీద పోతున్న కుర్రాడు ఆగి
"మేడం, తొయ్యమంటారా?"
వద్దన్నాను. ఎందుకన్నానో.
వాడు వెళ్ళలేదు, బండి స్టాండు వేసి
కోడిపందెం చూసినట్టు చూశాడు.

దిగింది.
చిన్న పంపు పావుగంట గురక పెట్టి
ముప్పై రెండు దగ్గర ఊరుకుంది.

గోళ్ళలో నలుపు, మోకాలి మీద నలుపు.
అంత గొప్పగా ఎప్పుడూ నడపలేదు కారుని.

భీమవరం మొదట్లో కుంజుమోన్ షెడ్డు.
ఆగకుండా పోవచ్చు.
చూపించడానికే ఆగాను.

కొట్టాయం నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు.
"ఆయ్, చూత్తానండి" అని
తొట్టిలో నీళ్ళు దోసిట పట్టి కొట్టాడు,
వంగి చెవి పెట్టాడు.
"పని బానే ఉందండి. తోక కొయ్యలేదు."
బ్లేడుతో ఒక్క గీత.
తర్వాత వాల్వు మీద ఉమ్మి పెట్టాడు.
బుడగ లావుగా లేచింది.
"ఇదండి దొంగ.
స్క్రూ పాపం చాలామట్టుకి గాలి ఆపుకునే ఉంటది."

వాల్వు పిన్నుకి ఇరవై.
నా దగ్గర ఐదొందల నోటు, అతని దగ్గర చిల్లర లేదు.
"మళ్ళీ వత్తారు కదండి."
ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

బల్ల కింద నుంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాడు.
అడుగున తుప్పట్టిన లాడం మేకులు,
వాటి మీద సైకిలు ఊచలు, గొడుగు కమ్మి,
వరికోత మిషను పన్ను,
పైపైన అన్నీ స్క్రూలే, వెండివి.
"మీదీ వెయ్యండి."
వెయ్యలేదు. జేబులో పట్టుకునే ఉన్నాను,
బొటనవేలికి మొన ఆనుతోంది.

వచ్చిన దారినే మళ్ళీ, మూడో చెరువుకి.
పెట్రోలు లెక్క కట్టలేదు.
పక్క సీట్లో ఖాళీ సీసా మలుపు మలుపుకీ దొర్లుతోంది.
ఏమని అడగను సుబ్బతాతరాజు గారిని?
నీళ్ళు బాగున్నాయండి,
గాలి చక్కగా కనబడింది,
ఇంకో లీటరు కావాలి.