సబ్బు ముక్క

నేను కుట్టేదాన్ని. గీసేదాన్ని కాదు.
ఆత్-బాషీలో ఈ తేడా పిల్లలకు కూడా తెలుసు.
కంబళి పరిచాక, కత్తి దిగకముందు
గీత గీసే చెయ్యి వీధికి ఒక్కటుంటుంది.
మా వీధికి బురుల్చా.

ఆమె గీసేది సుద్దతో కాదు,
అరిగి అరిగి చేప పొలుసంత పలచనైన
బట్టల సబ్బు ముక్కతో.
పొట్టేలు కొమ్ము ఒకటి ఇటు తిరిగితే
దాని జంట అటు తిరగాలి.
కొలత లేదు, కాగితం లేదు,
ముప్పై ఏళ్ళలో తప్పిందీ లేదు.

నవంబరులో సబ్బు ఆగిపోయింది.

వేసవి పెళ్ళికని ఒప్పుకున్న షిర్దాక్ అది.
గది నిండా పరిచిన ఎర్ర కంబళి చుట్టూ
ఇంటిల్లిపాదీ గోడవారగా నడిచారు,
నిద్రపోతున్న కోపిష్టి మామ చుట్టూ నడిచినట్టు.
"ఏ కొమ్ము గీసినా
అది ఎప్పుడో కోసుకు తిన్న పొట్టేలుదే" అంది.

ఆడపడుచు సైకల్ ఫోనులో బొమ్మలు చూపించింది.
ఒకటి చూసి గీసింది. చక్కగానే వచ్చింది.
అరచేత్తో తుడిచేసింది.
"పక్కింటాయన టోపీ పెట్టుకున్నట్టుంది."
మజార్ దగ్గర గుడ్డ పేలిక కట్టి రమ్మన్నారెవరో,
కట్టింది.
కత్తి నూరింది. నూరిన కత్తినే నూరింది.
మా ఇంట్లో ప్రతి గిన్నెకూ ఉన్ని సంచి కుట్టి ఇచ్చింది,
అడక్కుండానే.
పని దొరకని చెయ్యి ఎంత పని చేస్తుందో
అప్పుడు చూశాను.

ఓదార్చడం నాకు చేతకాదు.
"రా, ఉన్ని బాదుదాం" అన్నాను.
కొట్టంలో తోలు పరిచి, ఉన్ని పోసి,
చెరో రెండు కడ్డీలు పట్టుకుని జనవరంతా బాదాం.
దుమ్ము, దగ్గు, మధ్యలో కబుర్లు:
బొగ్గు ధర, మొగుడి గురక,
ఏడేళ్ళప్పుడు గుర్రం మీంచి పడి
ఏడవకుండా మళ్ళీ ఎక్కిన సంగతి.
కొమ్ముల ఊసు ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మార్చిలో,
తల్లి ఒల్లని గొర్రెపిల్లనొకదాన్ని
పొయ్యి దగ్గర పెట్టి పాలు పడుతున్నారు.
అది తడికాళ్ళతో లేచి, వణుక్కుంటూ నడిచి,
కంబళి నడిబొడ్డున తన పని కానిచ్చింది.

బురుల్చా తిట్టని తిట్టు లేదు.
చెంబుతో నీళ్ళు, చేతికందిన సబ్బు
(అదే సబ్బు, నాలుగు నెలలుగా కిటికీలో ఎండుతున్నది)
మోకాళ్ళ మీద కూర్చుని రుద్దడం మొదలెట్టింది.
మరక అంచు వెంట ఒక చుట్టు.
ఇంకాస్త వెడల్పుగా ఇంకో చుట్టు.
తిడుతూనే ఉంది. చెయ్యి మాత్రం
తిట్టుకన్నా నెమ్మదిగా తిరుగుతోంది.
తర్వాత తిట్లు ఆగాయి.

నేను సూది కింద పెట్టాను.
ఉతుకుతున్నారో గీస్తున్నారో
సబ్బుకేం తెలుసు!
చీకటి పడింది. దీపం వెయ్యమని కూడా అనలేదు.

ఎరుపు కింద నలుపు పెట్టి
రెండు కంబళ్ళూ కలిపి కోశాం.
ఎరుపు ముక్క నలుపు గుంటలోకి,
నలుపు ముక్క ఎరుపు గుంటలోకి.
మా పనిలో తరుగు ఉండదు.
దీని ఖాళీ దాని కొమ్ము.
మరి ఆ నాలుగు నెలలూ
ఎక్కడ ఇమిడిపోయాయో నాకు తెలీదు.
కుట్టు కుట్టుకీ వెతికాను,
అతుకు కనబడలేదు.

నడిమి కొమ్ము మాత్రం వంకర. జంటతో కుదరదు.
పెళ్ళికొడుకు తల్లి దాని మీద వేలుపెట్టి అడిగింది.
"అదా?" అంది బురుల్చా. "అది ఇంకా మొలుస్తోంది."

ఈ ఏడు మొదటి మంచుతోనే మళ్ళీ ఆగింది.
పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడింది,
చేతులు చంకల్లో దాచుకుని.
"మీ ఇంట్లో మాసిన బట్టలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి.
ఎప్పుడూ ఉంటాయి.